చెరువు పోయిన కోట

కోట చూద్దామని వెళ్తే ముందు నాకు చెరువు కట్ట కనిపించింది.

మా అమ్మాయి వాళ్ళు ఇంగ్లండులో కొవెంట్రీలో ఉంటారు. అక్కడికి దగ్గర్లోనే కెనిల్‌వర్త్ అనే ఊళ్ళో పాత కోట ఒకటి ఉందని, ఒక ఆదివారం అందరం కారులో బయల్దేరాం. కారు దిగి కోట వైపు నడుస్తున్నాం. దారి తిన్నగా, చుట్టూ ఉన్న నేలకన్నా ఎత్తుగా ఉంది. రెండు పక్కలా వాలు. నేను ముప్ఫై నాలుగేళ్ళు వరంగల్, ములుగు వైపు చెరువుల మీదే ఉద్యోగం చేసిన వాణ్ణి. కట్ట మీద కాలు పెడితే పాదానికే తెలుస్తుంది. ఆగి ఎడమ పక్కకు చూశాను. పచ్చిక. గొర్రెలు మేసేలాంటి చదునైన పల్లం, చాలా దూరం దాకా. ఇంత కట్ట వేసి నీళ్ళు లేకపోవడమేమిటని నేననుకునే లోపే, అమ్మాయి కొన్న పుస్తకంలోని బొమ్మ చూస్తూ మా మనవరాలు అడిగేసింది:

“తాతా, ఇందులో కోట చుట్టూ నీళ్ళున్నాయి కదా. ఏవీ?”

ఆ ప్రశ్న పట్టుకునే ఆ రోజంతా తిరిగాను. తర్వాత రెండు నెలలు అక్కడ ఉన్నన్నాళ్ళూ దొరికిన పుస్తకమల్లా చదివాను. కెనిల్‌వర్త్ గురించి రాసేవాళ్ళు ఎక్కువగా మొదటి ఎలిజబెత్ రాణి గురించి, ఆమెను ప్రేమించిన లెస్టర్ ప్రభువు గురించి, 1575 ఎండాకాలంలో జరిగిన పందొమ్మిది రోజుల సంబరం గురించి రాస్తారు. రాయాల్సిందే. కానీ ఆ కోటకు ప్రాణం చెరువే. చెరువు ఉన్నన్నాళ్ళూ అది కోట. చెరువు ఎండగట్టిన నాడు అది ఎర్రరాళ్ళ గుట్ట.

కోట కట్టడం 1120ల్లో మొదలైంది. మొదటి హెన్రీ రాజు కొలువులో పెద్ద ఉద్యోగి జెఫ్రీ డి క్లింటన్ దీనికి పునాది వేశాడు. స్థలం చూస్తే కోటకు తగినదని అనిపించదు. మన గోల్కొండలాగా, భువనగిరిలాగా కొండ లేదు. చిన్న మిట్ట, అంతే. అయితే మిట్టకు దిగువన ఫినమ్, ఇంచ్‌ఫర్డ్ అని రెండు వాగులు కలుస్తాయి. చెరువులు కట్టించిన వాడికి ఆ చోటు చూడగానే చేతులు దురద పెడతాయి. రెండు వాగులు, మధ్యన సన్నని గొంతు, వెనక విశాలమైన పల్లం. తక్కువ మట్టితో ఎక్కువ నీళ్ళు నిలిచే చోటది. అక్కడ అడ్డుకట్ట వేసి పెద్ద చెరువు చేసింది జాన్ రాజు. 1210 నుంచి 1215 దాకా ఆయన ఈ కోట మీద వెయ్యి పౌండ్లకు పైగా పెట్టాడని లెక్కలున్నాయి. ఆ కాలానికి అది చాలా పెద్ద సొమ్ము.

ఆ సంవత్సరాలు చదివి పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. నేను ఏళ్ళ తరబడి తూములు బాగుచేయించిన పాలంపేటలో, రామప్ప గుడి దగ్గర రేచర్ల రుద్రుడు వేయించిన శాసనం 1213 నాటిది. గుడికి పక్కనున్న చెరువుదీ ఆ కాలమే. అక్కడొక సేనాని, ఇక్కడొక రాజు, ఒకరి ఉనికి ఒకరికి తెలియదు. అవే ఏళ్ళలో ఇద్దరూ వాగుకు అడ్డంగా మట్టి పోయించారు. మనవాళ్ళు పంట కోసం పోయించారు. ఇక్కడ శత్రువును ఆపడానికి, చేపల కోసం, చూసేవాళ్ళ కళ్ళు చెదరడానికి పోయించారు. పని మాత్రం ఒకటే. కట్ట నిలవాలంటే మట్టి కుదురుకోవాలి, ఎక్కువైన నీరు పోవడానికి మత్తడి ఉండాలి, నీళ్ళు వదలడానికి తూము ఉండాలి. ఏ దేశంలోనైనా ఇంతే.

నీళ్ళు నిండాక చెరువు దాదాపు 100 ఎకరాలు పరచుకుంది. కోటకు దక్షిణం, పడమర పూర్తిగా నీళ్ళే. లోపలికి రావాలంటే కట్ట మీంచే రావాలి. కట్టకు రెండు కొసల్లో రెండు బురుజులు కట్టారు. కట్ట పై భాగం ఎంత వెడల్పంటే, గుర్రాల మీద ఎదురెదురుగా దూసుకొచ్చి బల్లేలతో పొడుచుకునే పోటీలు అక్కడే పెట్టేవారు. ఇప్పటికీ ఆ కట్టను పోటీల బరి అనే పేరుతోనే పిలుస్తారు. రోజూ వందల మంది నడుస్తారు దాని మీద. కాళ్ళ కింద ఉన్నది ఆనకట్ట అని ఎంతమందికి తట్టిందో మరి.

ఆ నీళ్ళ బలమెంతో 1266లో తేలింది. రాజు మీద తిరగబడ్డ సైమన్ డి మాంట్‌ఫర్డ్ అంతకు ముందటేడు ఈవ్‌షమ్ యుద్ధంలో చచ్చిపోయాడు. అతని మనుషులు వెయ్యి మందికి పైగా ఈ కోటలో చేరి తలుపులు మూసుకున్నారు. మూడో హెన్రీ రాజు జూన్‌లో ముట్టడి వేశాడు. రాళ్ళు విసిరే యంత్రాలు తెచ్చాడు. చెస్టర్ నుంచి పడవలు తెప్పించి చెరువు మీంచి దాడి చేయించాడు. ఏదీ పారలేదు. ఆరు నెలలు గడిచాక డిసెంబరులో లోపలివాళ్ళు లొంగిపోయారు. లొంగదీసింది రాజు సైన్యం కాదు, ఆకలీ రోగాలూ. చుట్టూ అంత నీరుండి లోపల గింజ లేకపోతే మనిషి ఏం చేస్తాడు.

తర్వాతి మూడు వందల ఏళ్ళు త్వరగా దాటేస్తాను. 1327 జనవరిలో రెండో ఎడ్వర్డ్ రాజును ఇక్కడే బందీగా ఉంచి, కిరీటం వదులుకునేలా చేశారు. ఆ శతాబ్దం చివర జాన్ ఆఫ్ గాంట్ అనే రాజకుమారుడు ఎత్తయిన కిటికీలతో పెద్ద సభామందిరం కట్టించాడు. దాని గోడలు ఇప్పుడూ ఉన్నాయి, కప్పు లేదు. ఐదో హెన్రీ చెరువు అవతలి కొసన, కోటకు దూరంగా, చుట్టూ కందకం తవ్వించి ఒక విహార భవనం కట్టించుకున్నాడు. అక్కడికి పడవ మీద పోయేవాడు. ఆ భవనం సంగతి మళ్ళీ వస్తుంది.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. రాబర్ట్ డడ్లీ.

కోట లోపల ఎర్రరాతి పునాది మీద చెక్క దూలాలతో కట్టిన పొడవాటి గుర్రపుశాల ఒకటుంది. ఇప్పుడది టీ హోటలు. మేం అక్కడే కూర్చుని టీ తాగాం, మనవరాలు కేకు తింది. తల పైకెత్తితే నల్లబడ్డ ఓక్ దూలాలు. దాన్ని కట్టించింది రాబర్ట్ తండ్రి జాన్ డడ్లీ. 1553లో ఈ కోట ఆయన చేతికి వచ్చింది. అదే ఏడు, బాలరాజు ఆరో ఎడ్వర్డ్ చనిపోగానే, తన కోడలు జేన్ గ్రేను సింహాసనం మీద కూర్చోబెట్టబోయి ఆగస్టులో తల పోగొట్టుకున్నాడు. ఆయన తండ్రి, అంటే రాబర్ట్ తాత ఎడ్మండ్ కూడా 1510లో అలాగే పోయాడు. రాబర్ట్ తమ్ముడు గిల్ఫర్డ్‌ను 1554లో నరికారు. రాబర్ట్‌ను లండన్ టవర్‌లో పెట్టారు. ఆ రోజుల్లోనే అదే టవర్‌లో, అక్క మేరీ రాణి అనుమానానికి గురై, ఎలిజబెత్ కూడా బందీగా ఉంది.

ఈ వంశం కథ తెలియకుండా కెనిల్‌వర్త్ అర్థం కాదు. తాత తల పోయింది, తండ్రి తల పోయింది, తమ్ముడి తల పోయింది. తండ్రి కొద్ది నెలలు కూడా అనుభవించని కోట ప్రభుత్వానికి పోయింది. మిగిలిన కొడుకు ఆ కోట కోసం ఎంత తపించి ఉంటాడో ఆ గుర్రపుశాలలో కూర్చున్నప్పుడు నాకు కొంచెం తెలిసింది. ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి ముందే పోయిన తండ్రులుంటారు మన ఊళ్ళల్లో. ఆ ఇల్లు పూర్తిచేసేదాకా కొడుకులకు నిద్ర పట్టదు.

1558లో ఎలిజబెత్ రాణి కాగానే రాబర్ట్‌ను తన అశ్వశాలల అధికారిగా వేసుకుంది. రాణి ఎక్కడికి కదిలినా పక్కనుండే పదవి అది. ఆమెకు అతనంటే ఇష్టమని అందరికీ తెలుసు. అయితే అతనికి పెళ్ళయింది. 1560 సెప్టెంబరు 8న అతని భార్య ఏమీ రాబ్సార్ట్ ఆక్స్‌ఫర్డ్ దగ్గర కమ్నర్ అనే చోట మెట్ల కింద మెడ విరిగి చచ్చిపడి ఉంది. విచారణ జరిపిన పంచాయతీ ప్రమాదమనే తేల్చింది. లోకం నమ్మలేదు. ఆ చావుతో పెళ్ళికి అడ్డం తొలగిందనుకుంటే, ఆ చావే పెళ్ళికి శాశ్వతంగా అడ్డమైంది. 1821లో వాల్టర్ స్కాట్ ఈ కోట పేరుతోనే నవల రాసి, ఏమీని 1575 సంబరాల దాకా బతికించాడు. కథకు బాగానే ఉంది. నిజానికి రాణి ఆ సంబరానికి వచ్చేనాటికి ఏమీ పోయి పదిహేనేళ్ళవుతోంది.

1563లో రాణి కెనిల్‌వర్త్‌ను రాబర్ట్‌కు ఇచ్చింది. మరుసటేడు అతన్ని లెస్టర్ ప్రభువును చేసింది. అప్పటినుంచి కోట మీద అతను పోసిన డబ్బుకు అంతు లేదు. 60,000 పౌండ్లు ఖర్చయిందని తర్వాతి శతాబ్దంలో డగ్డేల్ అనే చరిత్రకారుడు రాశాడు. ఉత్తరం వైపు కొత్త సింహద్వారం కట్టించాడు, ముఖద్వారం మీద తన పేరులోని రెండక్షరాలు చెక్కించాడు. నార్మన్ల నాటి మొద్దు బురుజుకు, బాణాలు వేసే సన్నని సందులుండే గోడలకు, వెడల్పాటి కిటికీలు తొలిపించాడు. 1571, 72 ప్రాంతంలో రాణి విడిది కోసమే నాలుగు అంతస్తుల భవనం ఒకటి లేపాడు. దాన్ని ఇప్పటికీ లెస్టర్ భవనం అంటారు. అంతస్తులు కూలిపోయి, నాలుగు గోడలు ఆకాశంలోకి నిలబడి ఉంటే, పర్యాటకుల కోసం లోపల మెట్లూ వేదికలూ బిగించారు. మోకాళ్ళు పట్టేసినా ఎక్కాను. పైన రాణి గది ఉన్న ఎత్తులో నిలబడి కిటికీలోంచి చూస్తే ఎదురుగా మళ్ళీ ఆ పచ్చిక పల్లమే. అక్కడ నిలబడితేనే తెలిసింది, ఆ కిటికీలు అంత పెద్దవి ఎందుకు పెట్టించాడో. పగలు కిటికీలోంచి చూస్తే చెరువు కనిపించాలి. రాత్రి చెరువులో చూస్తే కిటికీలు కనిపించాలి. ఆ సంబరాన్ని కళ్ళారా చూసి ఉత్తరం రాసినవాడు, రాత్రిళ్ళు కొవ్వొత్తుల వెలుగులో ఈ భవనాన్ని అలెగ్జాండ్రియా దీపస్తంభంతో పోల్చాడు. నీళ్ళు లేకపోతే ఆ పోలిక రాదు.

ఆ ఉత్తరం రాబర్ట్ లేన్‌హమ్ పేరుతో ఉంది. రాణి మంత్రులు కూర్చునే గది తలుపు కాచే ఉద్యోగి. లండన్‌లో బట్టల వ్యాపారం చేసే స్నేహితుడికి రాశాడు. తిండి, నాట్యం, వేట, తోట, అన్నీ నోరూరేలా చెప్పాడు. ఇంకొకరు జార్జ్ గాస్కోయిన్ అనే కవి. నాటకాలు కొన్ని ఆయనే రాసి, వేషం కట్టి, తర్వాత అచ్చు వేయించాడు. ఈ ఇద్దరి పుణ్యమే మనకు 1575 జూలై తెలియడం.

జూలై 9, శనివారం. రాణి దారిలో భోంచేసి, వేటాడుకుంటూ రాత్రి ఎనిమిదింటి వేళకు కోట చేరింది. వచ్చింది ఈ కట్ట మీంచే. తెల్లపట్టు కట్టిన ఒక సోదెమ్మ ఎదురొచ్చి, సుఖంగా చిరకాలం ఏలుతావని జోస్యం చెప్పింది. ద్వారం పైన ఎనిమిదడుగుల ఎత్తు అట్టబొమ్మలు బూరలు పట్టుకుని నిలబడ్డాయి, వాటి వెనక నిజమైన మనుషులు ఊదుతున్నారు. హెర్క్యులిస్ వేషంలో ఉన్న ద్వారపాలకుడు ఎవరక్కడ అని గదమాయించి, రాణిని చూసి తాళంచెవులు కాళ్ళ దగ్గర పెట్టాడు. ఇంకొంచెం ముందుకు రాగానే చెరువు మీద కాగడాలు వెలిగించిన చిన్న దీవి ఒకటి కదులుతూ దగ్గరికొచ్చింది. దాని మీద ఇద్దరు చెలికత్తెలతో చెరువు దేవత. ఆర్థర్ రాజు కాలం నుంచి ఈ చెరువును కాపాడుతున్నాను, నేటితో ఇది నీది, తీసుకో అంది. రాణి గుర్రం మీదే ఉండి, ఈ చెరువు ముందునుంచీ మాదే అనుకున్నామే, ఇప్పుడు నీదంటున్నావా, సరే, తర్వాత మాట్లాడుకుందాం అందట. అందరూ నవ్వి ఉంటారు. నాకు మాత్రం ఆ మాటలో రాణి మొత్తం కనిపించింది. ఇచ్చేదీ తనే, తీసుకునేదీ తనే. ఆ చెరువు దగ్గర నిలబడి ఉన్న లెస్టర్‌కు ఆ మాట గుచ్చుకుందో, ముద్దుగా వినిపించిందో.

ఆ తర్వాత రాణి వంతెన దాటింది. రెండు వైపులా ఏడు జతల స్తంభాలు, ఒక్కో జతకు ఒక్కో దేవుడి కానుక కట్టి ఉంది. పంజరాల్లో పిట్టలు, వెండి గిన్నెల్లో పళ్ళు, ధాన్యం, ద్రాక్షసారా, తడి గడ్డిలో చేపలు, ఆయుధాలు, వాయిద్యాలు. ఆమె లోపలికి అడుగుపెట్టగానే తుపాకులు పేలాయి. బురుజు మీది గడియారాన్ని ఆపేశారు. ఆమె ఉన్నన్నాళ్ళూ గంట కొట్టలేదు, ముళ్ళు రెండు దగ్గరే నిలిచాయి.

పందొమ్మిది రోజులు. వేట, విందు, నాట్యం. పదమూడు ఎలుగుబంట్ల మీదికి కుక్కలను వదిలి చూశారు. ఆ కాలపు వేడుక అది, చదవడానికే బాధగా ఉంటుంది. నీటిలో పడ్డా ఆరక మళ్ళీ పైకి లేచే బాణసంచా కాల్చారు. చెరువు మీద ఇరవై నాలుగడుగుల డాల్ఫిన్ తేలుతూ వచ్చింది, దాని వీపు మీద ఒక గాయకుడు, కడుపులో వాయిద్యగాళ్ళు. సాయంత్రం వేళ నీళ్ళ మీంచి పాట తేలుతూ వచ్చి ఎంత హాయినిచ్చిందో రాయడానికి లేన్‌హమ్‌కు మాటలు చాలలేదు. చెరువు కట్ట మీద రాత్రి కాపలా పడుకున్న వాడికి తెలుసు, అవతలి ఒడ్డున ఎవరో మెల్లగా మాట్లాడుకున్నా నీళ్ళు దాన్ని మోసుకొస్తాయి. ఆ డాల్ఫిన్‌ను పదకొండేళ్ళ షేక్స్‌పియర్ చూశాడని కొందరంటారు. అతని ఊరు స్ట్రాట్‌ఫర్డ్ పదమూడు మైళ్ళే. అది ఊహే కానీ, చుట్టుపక్కల జనం ఎగబడి చూశారన్నది నిజం.

నాకు బాగా నచ్చిన ఘట్టం కొవెంట్రీ వాళ్ళది. మా అమ్మాయి ఊరు కదా. ఆ ఊరి చేతివృత్తులవాళ్ళు ఏటా ఒక వీరనాటకం ఆడేవారు, ఇంగ్లీషువాళ్ళు డేన్‌లను తరిమికొట్టిన పాత కథ. కొత్తగా వచ్చిన కఠినమైన మతబోధకులు దాన్ని ఆపించేశారు. రాణి ముందు ఆడితే మళ్ళీ అనుమతి వస్తుందని ఆశపడి వచ్చారు. వాళ్ళకు ముందు నడిచినవాడు కాప్టెన్ కాక్స్ అనే తాపీమేస్త్రి. పాత కథల పుస్తకాలు కుప్పలుగా పోగేసుకున్న మనిషట. కత్తి తిప్పుకుంటూ వచ్చాడు. అప్పుడు రాణి గదిలో నాట్యం చూస్తూ ఉండి నాటకం సరిగ్గా చూడలేదు. అయినా మంగళవారం మళ్ళీ ఆడమంది. ఆడారు. ఆమె నవ్వి, రెండు జింకలూ కొంత డబ్బూ ఇప్పించింది. ఒక తాపీమేస్త్రి పేరు, అతను చదివిన పుస్తకాల పేర్లతో సహా, నాలుగున్నర వందల ఏళ్ళు నిలవడం నాకెంత సంతోషమనిపించిందో చెప్పలేను. నేను పనిచేయించిన మేస్త్రీలు ఎందరో గొప్ప కథలు చెప్పేవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ మస్టర్ రోల్‌లో ఉన్నాయో, ఆ కాగితాలు ఏ బీరువాలో చెదలు తింటున్నాయో.

తోట సంగతి కూడా చెప్పాలి. రాణికి తప్ప ఇంకెవరికీ ప్రవేశం లేని తోటలోకి, ఆమె వేటకు పోయిన వేళ, తోటమాలి ఏడ్రియన్ దయవల్ల లేన్‌హమ్ దూరాడు. ఎకరం తోటలో నడుమ తెల్ల చలవరాతి ఫౌంటెన్, భూగోళాన్ని మోస్తున్న ఇద్దరు వీరుల బొమ్మలు, కింద ఎనిమిది మూలల తొట్టిలో చేపలు. వంగి చూసేవాళ్ళ ముఖాన చటుక్కున నీళ్ళు చిమ్మే ఏర్పాటు కూడా ఉందట. అతని వర్ణన అతిశయోక్తేమో అనుకున్నారు చాలాకాలం. తవ్వి చూస్తే ఆ ఎనిమిది మూలల తొట్టి పునాది తోట మధ్యలో దొరికింది. ఉత్తరాన్నీ తవ్వకాన్నీ పక్కపక్కన పెట్టుకుని 2009లో ఆ తోటను మళ్ళీ నిర్మించారు. మనవరాలు ఆ తొట్టి చుట్టూ ఎన్నిసార్లు పరిగెత్తిందో.

ఇంత చేసి లెస్టర్ అడగదలచిందేమిటి? అది గాస్కోయిన్ రాసిన ఒక నాటకంలో ఉంది. కన్యగా ఉండమనే డయానా ఒకవైపు, పెళ్ళి చేసుకోమనే జూనో ఒకవైపు, మధ్యన జబేటా అనే కన్య. ఎలిజబెత్ పేరు తోకే ఆ పేరు. చివరికి జూనో దూత వచ్చి పెళ్ళే మంచిదని చెబుతుంది. వేషాలు కట్టుకుని నటులు రెండు మూడు రోజులు ఎదురుచూశారు. ఆడలేదు. వాతావరణం బాగాలేక, సమయం కుదరక ఆగిందని గాస్కోయిన్ రాశాడు. వాన పడింది నిజమే. కానీ రాణికి ఆ మాట వినే ఇష్టం ఉంటే వాన వెలిశాక ఆడించి ఉండేది కాదా? కొవెంట్రీ వాళ్ళ నాటకం మళ్ళీ ఆడించింది కదా. నా ఉద్దేశంలో ఆమె చెరువు దేవతకు చెప్పిన మాటే లెస్టర్‌కూ చెప్పింది, ఈసారి నోరు విప్పకుండా.

జూలై 27న రాణి బయల్దేరింది. గాస్కోయిన్ వనదేవుడి వేషంలో గుర్రం పక్కన పరిగెత్తుతూ, ఉండిపొమ్మని బతిమాలుతూ పద్యాలు చెప్పాడు. పాపం అలసిపోతాడని రాణి గుర్రాన్ని ఆపితే, ఆపొద్దు, ఇరవై మైళ్ళైనా ఇలాగే పరిగెత్తుతాను అన్నాడు. ముళ్ళపొదలోంచి ‘గాఢమైన కోరిక’ అనే పాత్ర ఏడుపు గొంతుతో పాడింది. ఆ గొంతు ఎవరి తరఫున పాడుతోందో అక్కడున్న అందరికీ తెలుసు. ఆమె ఆగలేదు. మళ్ళీ కెనిల్‌వర్త్‌కు ఎప్పుడూ రాలేదు.

మూడేళ్ళు చూసి 1578లో లెస్టర్ రహస్యంగా లెటిస్ నోలిస్‌ను పెళ్ళాడాడు. రాణి అతన్ని కొంతకాలానికి క్షమించింది కానీ లెటిస్‌ను మాత్రం జన్మలో క్షమించలేదు. వాళ్ళకు పుట్టిన ఒక్క కొడుకు 1584లో పసివాడుగానే పోయాడు. వారిక్ సెయింట్ మేరీ చర్చిలో పడుకున్నట్టున్న ఆ పిల్లవాడి బొమ్మ ఉంది. దగ్గర్లోనే తల్లిదండ్రుల సమాధి. స్పెయిన్ ఓడల దండు పారిపోయిన ఏడే, 1588 సెప్టెంబరు 4న లెస్టర్ చనిపోయాడు. కొద్దిరోజుల ముందు అతను రాసిన ఉత్తరం మీద రాణి తన చేత్తో ‘అతని చివరి ఉత్తరం’ అని రాసి దాచుకుంది. ఆమె పోయాక పెట్టెలో దొరికింది. అప్పుల కింద లెస్టర్ సామాను జప్తు చేయించినదీ ఆ రాణి ప్రభుత్వమే.

కోట ముందు అన్నకు, తర్వాత ఇంకొక కొడుక్కి వచ్చింది. ఆ కొడుకు పేరు కూడా రాబర్టే. డగ్లస్ షెఫీల్డ్ అనే ఆమెకు 1574లో పుట్టినవాడు. రాణి ఈ చెరువు మీద డాల్ఫిన్ పాట వింటున్నప్పుడు వాడికి ఏడాది నిండలేదు. తన తల్లిదండ్రులకు పెళ్ళయిందని, తాను సక్రమ వారసుణ్ణని 1605లో కోర్టుకెక్కి ఓడిపోయాడు. భార్యాబిడ్డల్ని వదిలి, మగపిల్లవాడి వేషం వేసుకున్న ఇంకొక యువతితో ఇంగ్లండు దాటాడు. భార్యాబిడ్డల పట్ల చేసింది క్షమించరానిదే. కానీ ఇటలీలో అతను చేసిన పని చదివి ఆశ్చర్యపోయాను. టస్కనీ ప్రభువు కొలువులో చేరి ఓడలు కట్టాడు, లివోర్నో రేవు పనులు చూశాడు, ప్రపంచ సముద్రాల పటాలతో మహాగ్రంథం అచ్చు వేయించాడు. పీసా, లివోర్నోల మధ్య ఊబి నేలల్లో నీళ్ళు తోడి ఎండగట్టే పని కూడా అతనిదే. చెరువు ఒడ్డు కోట మీద హక్కు కోసం కొట్లాడిన వాడు, పరాయి దేశంలో నీళ్ళను కాలవల్లోకి మళ్ళించే ఇంజనీరయ్యాడు. ఇక్కడ కోటను హెన్రీ యువరాజు 14,500 పౌండ్లకు కొంటానన్నాడు. ఆ యువరాజు 1612లో చనిపోయాడు. ఆ సొమ్ము పూర్తిగా అతనికి అందనే లేదు.

1649 సెప్టెంబరులో ఆ కొడుకు ఇటలీలో కన్నుమూశాడు. అదే ఏడు ఇంగ్లండులో, అంతర్యుద్ధం ముగిసి, రాజు తల నరికాక, పార్లమెంటు ఈ కోటను పనికిరాకుండా చేయమంది. నార్మన్ బురుజు ఉత్తరపు గోడను కూల్చేశారు. జోసెఫ్ హాక్స్‌వర్త్ అనే కర్నలు, అతనితోటి అధికారులు కోట భూముల్ని పంచుకున్నారు. హాక్స్‌వర్త్ లెస్టర్ కట్టించిన సింహద్వారాన్నే ఇల్లు చేసుకుని, లెస్టర్ అక్షరాలున్న చలవరాతి చలిమంట గూటిని కూడా అక్కడికి పట్టుకుపోయాడు. తర్వాత కట్టకు గండి కొట్టారు. 440 ఏళ్ళుగా నిలిచిన నీరు పోయింది.

ఎందుకు కొట్టారో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెరువు ఎండితే శిఖం బయటపడుతుంది. వంద ఎకరాలు, ఒండ్రు పట్టిన నేల. మా వైపు శిఖం భూములు ఎలా పోయాయో, రాత్రికి రాత్రి కట్టలు ఎలా తెగాయో నా సర్వీసంతా చూశాను. గోడ కూలిస్తే శత్రువుకు కోట ఉండదు. చెరువు కొడితే పంచుకున్నవాడికి పొలం ఉంటుంది. గోడ కూల్చడానికి రాజకీయం చాలు, చెరువు కొట్టడానికి ఆశ కావాలి.

ఇంగ్లండు వదిలి వచ్చే ముందు వారం మనవరాలితో ఇంకోసారి వెళ్ళాను. ఈసారి కోటలోకి పోలేదు. ఐదో హెన్రీ విహార భవనం ఉండిన చోటుకు చెరువు అడుగునుంచే కాలిబాట ఉంది. ఆ భవనాన్ని ఎనిమిదో హెన్రీ ఊడదీయించాడు, ఇప్పుడు కందకం గుర్తులే మిగిలాయి. ముందురోజు వాన పడింది. బూట్లకు అంటిన మట్టి ముద్ద తీసి వేళ్ళ మధ్య నలిపాను. మెత్తగా, నల్లగా, జిడ్డుగా ఉంది. చెరువు మట్టి వాసన అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

“తాతా, ఇప్పుడు మనం నీళ్ళ కింద ఉన్నామా?”

“ఉన్నాం.”

“నీకు కూడా మునుగుతుందా?”

వెనక్కి తిరిగి కట్ట ఎత్తు చూసి, కంటి అంచనా వేసి, చెయ్యి పైకెత్తి చూపించాను. నా చెయ్యి పైన ఇంకో మనిషి. పది అడుగులు నడిచి మళ్ళీ ఆగింది. మళ్ళీ చూపించాను. కట్టకు దూరమయ్యేకొద్దీ లోతు తగ్గుతుందని చెప్పాను. అప్పటినుంచి ఆగిన చోటల్లా లెక్క అడిగింది. నా తల దాకా, నా భుజం దాకా, తన గొంతు దాకా, తన నడుం దాకా. విహార భవనం మిట్ట దగ్గరికి చేరేసరికి మోకాళ్ళ దాకా వచ్చింది. గట్టెక్కి, గౌను అంచు పిండుకుంటున్నట్టు పిండి, ఇక్కడ పడవ కట్టెయ్యొచ్చు అంది.